టెక్ సందేహాలు: మీ స్విచ్‌లో ఇప్పుడు టైమెంత?

ప్రశ్న: బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక చిన్న సంస్థకు నెట్‌వర్క్ చూస్తున్నాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కొన్ని స్విచ్‌ల (ఆఫీసు కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పెట్టెల) లాగ్‌లు, అంటే ఎప్పుడేం జరిగిందో రాసుకునే నమోదులు, 1970 జనవరి 1తో మొదలవుతున్నాయి. నెట్‌వర్క్ ద్వారా సమయం తెచ్చే ఎన్‌టీపీ పెట్టినవేమో ఐదున్నర గంటలు వెనక ఉన్నాయి. చేత్తో సరిచేసినా నిలవడం లేదు. అంత పట్టించుకోవలసిన విషయమేనా?

జవాబు: ఈ నెలలో ఇదే ప్రశ్న రావడం నాలుగోసారి. పట్టించుకోవలసిందే.

బీటీఎం లేఔట్‌లోని ఒక ఆఫీసులో ఎవరో మీటింగ్ గది గోడ సాకెట్‌కు లాప్‌టాప్ తగిలించి ఫైళ్లు ఎత్తుకుపోయారు. స్విచ్ లాగ్‌లో ఆ సాకెట్ తాలూకు పోర్టు పని మొదలుపెట్టిన సమయం సాయంత్రం 6:10. ఆ వేళ ఆ గదిలో ఉన్నది అనంతపురం నుంచి వచ్చి కొత్తగా చేరిన కుర్రాడు. రెండు రోజులు అతన్నే కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. స్విచ్ యూటీసీలో, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, నడుస్తోందనీ, అసలు సమయం రాత్రి 11:40 అనీ కెమెరా రికార్డింగు పక్కన పెట్టి చూపించాక గానీ వదల్లేదు. అతను ఎవరితోనూ మాట్లాడకుండా బ్యాగు సర్దుకోవడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

మీ ఐదున్నర గంటల తేడా కూడా అదే. ఎన్‌టీపీ తెచ్చేది యూటీసీని మాత్రమే. దానికి 5:30 కలిపి చూపించమని స్విచ్‌లో టైమ్‌జోన్ మనమే పెట్టాలి. అది వదిలేసి గడియారాన్ని ముందుకు తిప్పితే ఎన్‌టీపీ మళ్లీ వెనక్కి లాగుతుంది. 1970 కనిపించేది బ్యాటరీతో నడిచే గడియారం లేని స్విచ్‌లలో. కరెంటు పోగానే అవి సమయం మరిచి, లెక్క మొదలయ్యే తేదీకి వెళ్లిపోతాయి. అంత డబ్బు పోసి కొనే పెట్టెలో ఒక బటన్ సెల్ పెట్టడానికి తయారీదారులకు చేతులు రాకపోవడం నాకు మింగుడుపడదు.

ప్రతి స్విచ్‌నూ ఇంటర్నెట్‌కు వదలకండి. లోపల ఒకటి రెండు సర్వర్లు పెట్టి, వాటికి కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల టైమ్ సర్వర్లను చూపించండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు కోరేదీ ఇదే. లాగ్‌లు 180 రోజులు దాచమన్నదీ అందులోనే. ఆ సర్వర్లకు పైనుంచి సమయం చెప్పే ఆధారాలు నాలుగుంటే మంచిది. రెండే ఉండి చెరో మాట చెబితే ఏది నిజమో తేల్చే దారి లేదు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది వేరే ఉంది. ఎన్‌టీపీ నడిచేది యూడీపీ 123 పోర్టు (ఇది సాకెట్ కాదు, నెట్‌వర్క్‌లో ఒక ద్వారం సంఖ్య) మీద, చాలాచోట్ల సమయం చెప్పేదెవరో సరిచూసే తాళం లేకుండా. లోపలికి దూరినవాడు టైమ్ సర్వర్‌గా నటించి గడియారాన్ని వెనక్కి తిప్పితే గడువు తీరిన సర్టిఫికెట్లు (సైట్ల డిజిటల్ గుర్తింపు పత్రాలు) మళ్లీ చెల్లుతాయి, లాగ్‌లో అతని అడుగులు ఎప్పటివో తెలియకుండా పోతాయి. అందుకే ఆథెంటికేషన్ కీ, అంటే సర్వర్ అసలుదేనని రుజువు చేసే రహస్య సంకేతం, పెట్టండి. ఎన్‌టీపీకి భద్రత కల్పించే ఇంకా పటిష్ఠమైన ఎన్‌టీఎస్ ప్రమాణం 2020లోనే వచ్చినా చాలా స్విచ్‌లకు ఇంకా చేరలేదు. మీ స్విచ్ బయటివారి ఎన్‌టీపీ ప్రశ్నలకు జవాబివ్వకుండా యాక్సెస్ లిస్టుతో (ఎవరిని రానివ్వాలో చెప్పే జాబితాతో) మూసేయండి. 2014 ప్రాంతంలో పెద్ద పెద్ద సైట్లను జవాబుల వరదతో ముంచిన దాడులకు అలా తెరిచి ఉంచిన సర్వర్లే వాటంగా దొరికాయి.

అన్నీ పెట్టాక స్విచ్‌లో ఎన్‌టీపీ స్టేటస్ చూడండి. రీచ్ 377 అని ఉంటే చివరి ఎనిమిది ప్రశ్నలకూ జవాబు వచ్చినట్టు. స్ట్రాటమ్ 16 అని ఉంటే ఇంకా ఏ సర్వర్‌తోనూ కలవలేదని అర్థం. తర్వాత ఒక స్విచ్‌కు కరెంటు తీసి మళ్లీ ఇవ్వండి. టైమ్ అందేలోపు వచ్చే మొదటి లాగ్ వరుసలు 1970వే ఉంటాయి కాబట్టి, అవి చేరిన సమయాన్ని, లాగ్‌లన్నీ ఒకచోట చేర్చే సిస్‌లాగ్ సర్వర్ తన గడియారంతో విడిగా నమోదు చేసేలా పెట్టండి.