తనంతట తానే గాలి నింపుకునే టైరు కొనాలా?

చిరంజీవి శ్రీనుకి,

సైకిలుకు వారానికి రెండుసార్లు గాలి కొట్టలేక విసుగొస్తోందనీ, తనంతట తానే గాలి నింపుకునే టైరు వేయించుకుందామనీ రాశావు. డబ్బు పెట్టే ముందు ఒక్క సంగతి తేల్చుకో. నీ టైరులో గాలి మెల్లగా దిగుతోందా, ముల్లు గుచ్చుకుని పోతోందా? ఈ టైరు మొదటిదానికే మందు. రెండోదానికి దాదాపు పనికిరాదు.

అది పనిచేసే తీరు చూస్తే ఎందుకో తెలుస్తుంది. నేలకు ఆనే భాగం లోపల టైరు చుట్టూ ఒక సన్నటి గొట్టం ఉంటుంది. చక్రం దొర్లేటప్పుడు నేలను తాకిన చోట ఆ గొట్టం నొక్కుకుపోతుంది. చక్రం తిరిగే కొద్దీ ఆ నొక్కు కూడా జరుగుతూ, గొట్టంలోని గాలిని వాల్వు వైపు తోస్తుంది. వెనక ఖాళీ అయిన చోటికి బయటి గాలి వస్తుంది. డయాలసిస్ యంత్రం రక్తాన్ని తోసేది కూడా ఈ పద్ధతిలోనే. కావలసిన ఒత్తిడి రాగానే రెగ్యులేటరు బయటి గాలిని ఆపేస్తుంది. 2011లో పంప్‌టైర్ అనే పేరుతో ఇలాంటిది అమెరికాలో, కొత్త వస్తువులకు జనం నుంచి డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ వెబ్‌సైటుకు వచ్చింది. పెద్ద బండ్ల టైర్లకు కూడా ఈ ఊహను వాడాలని చూశారు. అది ఎవరిదన్న తగువుతో చెక్ దేశపు కోడా కంపెనీ, అమెరికా టైర్ల కంపెనీ గుడ్‌ఇయర్ మీద కోర్టుకెక్కింది కూడా.

ఒక్కో చుట్టుకు లోపలికి చేరే గాలి చాలా కొంచెం. మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబులో వారానికి నాలుగైదు పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే లెక్క) తగ్గితే దాన్ని ఇది సునాయాసంగా భర్తీ చేస్తుంది. పల్లేరు కాయ దిగి బుస్సుమని పోయే గాలిని మాత్రం అందుకోలేదు. పైగా పూర్తిగా దిగిపోయిన టైరు తొక్కుతూ ఉంటే నిండుతుందిలే అనుకుని బయల్దేరితే, రిమ్ము అంచు ట్యూబును కోసేస్తుంది. ముందు పంపుతో నింపి తీరాలి. అంటే ఇంట్లో పంపు ఎలాగూ ఉండాల్సిందే.

లాభం లేదని కాదు. ఒత్తిడి ఎప్పుడూ సరిగా ఉంటే తొక్కడం తేలిక, టైరు పక్కలు పగలవు. గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడే పంక్చరు ఉంటుంది చూడు, అది చాలావరకు తప్పుతుంది. అద్దెకు తిరిగే సైకిళ్లకు, వంగి గాలి కొట్టుకోలేని పెద్దవాళ్లకు ఇది మంచిదే.

ఇక చిక్కులు. పంపు గొట్టం టైరులోనే ఉంటుంది కాబట్టి టైరు అరిగిందంటే పంపు కూడా పోయినట్టే. ముల్లు ఆ గొట్టంలోనే దిగితే మన వీధి చివర పంక్చరు షాపతను చేయగలిగింది ఏమీ లేదు. గాలి లోపలికొచ్చే చోట ఫిల్టరు ఉన్నా, మట్టిరోడ్డు దుమ్మూ వాననీళ్లూ దాన్ని పూడుస్తాయి. ఒత్తిడి ఒకే అంకె మీద కట్టేసి ఉంటే మరో ఇబ్బంది. సైకిలు మీది బరువులో సుమారు 60 శాతం వెనక చక్రం మీదే పడుతుంది. క్యారియర్ మీద మనిషినో బియ్యం మూటనో ఎక్కిస్తే వెనక టైరుకు ఇంకో 5, 10 పీఎస్ఐ కావాలి.

ఎండ సంగతీ చూడు. 30 డిగ్రీల దగ్గర 50 పీఎస్ఐ ఉన్న టైరు ఎండలో 50 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి 54 దాకా వెళ్తుంది. మామూలు టైరుకు ఇది ప్రమాదమేమీ కాదు. కానీ నువ్వు కొనేదానికి ఎక్కువైన గాలిని వదిలే వాల్వు ఉందా, లోపలికి రానివ్వడం ఆపడమొక్కటేనా అని షాపులో అడుగు.

చక్రం నడిమి హబ్బులో పంపు పెట్టే రకం వేరే ఉంది. నెదర్లాండ్స్‌లో గ్రావా అనే కంపెనీ చేసింది అదే. ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-రూబే సైకిలు పందెంలో రాళ్ల దారి రాగానే ఒత్తిడి తగ్గించి, తారురోడ్డు మీద పెంచుకునేవాళ్లకు అది. కాలేజీకి వెళ్లే నీకెందుకు?

ముందు ఇది చెయ్యి. రాత్రి టైరు మీద రాసి ఉన్న హద్దు మించకుండా గాలి కొట్టి, గేజ్‌తో కొలిచి రాసుకో. సైకిలు కదపకుండా మర్నాడు అదే వేళకు మళ్లీ కొలువు. గేజ్ పెట్టినప్పుడు కూడా ఒకటి రెండు పీఎస్ఐ పోతుంది, అది లెక్కలోకి తీసుకో. ఒక్క రోజులోనే ఐదు కంటే ఎక్కువ తగ్గితే ఎక్కడో కారుతున్నట్టు. వాల్వు మీద సబ్బునీళ్లు వేసి చూడు, బుడగ లేస్తే లోపం అక్కడే. పాతరకం వాల్వయితే పిన్ను మీది సన్నటి రబ్బరు గొట్టం ఎండకు గట్టిపడి చిట్లుతుంది. అది మార్చడానికి అయ్యే ఖర్చు చిల్లరే. వాల్వు బాగుంటే ట్యూబు తీసి బకెట్ నీళ్లలో తిప్పు. చిల్లు రిమ్ము వైపు ఉంటే స్పోకు కొస గుచ్చుకున్నట్టే, రిమ్ము లోపల స్పోకు కొసలను కప్పే టేపు మార్చాలి. బయటి వైపు ఉంటే టైరు లోపల గుడ్డ పెట్టి చుట్టూ తుడువు. గుడ్డ ఎక్కడ తట్టుకుంటే అక్కడ ముల్లు ఇంకా ఉంది. వేళ్లతో మాత్రం వెతక్కు. పట్టీ వేసేటప్పుడు గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా పూసి, తడి మెరుపు పోయేదాకా నాలుగైదు నిమిషాలు ఆగు. తడి మీద అంటిస్తే ఊడి వస్తుంది.

ముళ్లే నీ బాధయితే ట్యూబుకూ టైరుకూ మధ్య ముళ్లను ఆపే పట్టీ వేయించు, లేదా ట్యూబులో చిల్లులు పూడ్చే ద్రవం, సీలెంటు, 60 మి.లీ. పోయించు. రబ్బరు పాలతో చేసిన (లేటెక్స్) రకమైతే మన ఎండలకు కొన్ని నెలల్లో ఎండిపోతుంది, మళ్లీ పోయాలి. గాలే అక్కర్లేని ఘన టైరు మాత్రం వద్దు. కుదుపంతా స్పోకులకూ నీ నడుముకూ వస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా వారానికి ఐదు పీఎస్ఐ లోపే తగ్గుతోందని తేలితే, గేజ్ ఉన్న నిలువు పంపు ఒకటి కొనుక్కో, ఆదివారం రెండు నిమిషాల పని. టైరు పక్కన రాసి ఉన్న సైజూ, వాల్వు ఏ రకమో రాసి పంపు. ముందు, వెనక ఎంతెంత కొట్టాలో చెబుతాను.

మీ మామయ్య