అమెరికాలో వీసా మీదుండి ఒక కన్సల్టెన్సీలో పేరోల్ చూస్తున్నాను. ఎఫ్‌బీఐ వాళ్ళు సబ్‌పీనా (సాక్ష్యం గానీ పత్రాలు గానీ ఇమ్మనే ఆదేశం) ఇచ్చి వెళ్ళారు, కంపెనీ లాయర్ చూసుకుంటాడని ఓనర్ అంటున్నాడు, ఇప్పుడేం చెయ్యాలి?

మీ కన్సల్టెన్సీ హెచ్‌వన్‌బీ ఫైలింగ్స్ మీద గ్రాండ్ జ్యూరీ (క్రిమినల్ కేసు పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) ఎంక్వైరీ నడుస్తున్నట్టుంది, పేరోల్ చూసింది మీరే కాబట్టి మీ దాకా వచ్చారు. సబ్‌పీనా వచ్చిందంటే మీ మీద కేసు పెట్టినట్టు కాదు, సాక్షిగా కూడా పిలుస్తారు.

1. ఏదీ డిలీట్ చెయ్యకండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. భయంతో వాట్సాప్ చాట్ క్లియర్ చేసేస్తారు, పాత టైమ్‌షీట్లు చింపేస్తారు, అసలు ఫ్రాడ్‌లో చెయ్యి లేకపోయినా విచారణని అడ్డుకోవాలని చెరిపారని తేలితే అదొక్కటే 20 ఏళ్ళ దాకా జైలు పడే నేరం. డిసపియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ఇప్పుడే ఆఫ్ చెయ్యండి, ఇది ఎవరికీ గుర్తురాదు, దానంతటదే చెరిగిపోతూ ఉంటుంది.

2. ఏజెంట్లు మళ్ళీ వస్తే "లాయర్‌తో మాట్లాడాక చెప్తాను" అని మర్యాదగా చెప్పి ఆపెయ్యండి. వాళ్ళకి అబద్ధం చెప్తే 5 ఏళ్ళ దాకా పడొచ్చు. 2004లో అమెరికన్ వ్యాపారవేత్త, టీవీ ప్రముఖురాలు మార్తా స్టూవర్ట్‌కి శిక్ష పడింది షేర్లు అమ్మినందుకు కాదు, అబద్ధాలు చెప్పి విచారణని అడ్డుకున్నందుకు.

3. కంపెనీ లాయర్ చూసుకుంటాడని మీ ఓనర్ అన్నాడన్నారు కదా, ఆయన కంపెనీ తరఫు మనిషి, మీ తరఫు కాదు. ఫెడరల్ క్రిమినల్ కేసులు చేసే లాయర్‌ని విడిగా పెట్టుకోండి, సబ్‌పీనాలో ఉన్న తేదీకి ముందే.

4. వీసా మీదున్నారు కాబట్టి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కూడా అడగండి. నష్టం 10,000 డాలర్లు దాటిన ఫ్రాడ్ ఒప్పుకుంటే డిపోర్టేషన్ దాకా పోతుంది, అది తేల్చుకోకుండా ఏ ప్లీ (నేరం ఒప్పుకునే ఒప్పందం) మీదా సంతకం పెట్టొద్దు.

అప్పటిదాకా ఓనర్‌తో గానీ కొలీగ్స్‌తో గానీ ఈ విషయం మాట్లాడకండి.