చారలు చివర్లో వేయండి

ప్రశ్న: మేడమ్, ఫోటోలు చూసి పులులు, జింకలు గీస్తుంటాను. ఒక్కో వెంట్రుకా ఓపిగ్గా వేసినా గడ్డి కూరిన జంతువులా ఉంటోంది. బంకమట్టితో చేస్తే ఇంకా ఘోరం. లోపం ఎక్కడుంది?

జవాబు: ఆ వెంట్రుకల దగ్గరే మొదలైనట్టుంది. మీరు వాటిని ముందే వేసేస్తున్నారని నా అనుమానం. నా పులులకు చివరి దాకా చారలు ఉండవు. మొదట చూసుకునేది బరువు. ఏ కాలి మీద నిలబడింది, ఏ కాలు తేలిగ్గా ఉంది? పులి మామూలుగా నడిచేటప్పుడు ఎడమ వెనక కాలు, ఎడమ ముందు కాలు, తర్వాత కుడి వెనక కాలు, కుడి ముందు కాలు, ఈ వరసలో పడతాయి. ముందు కాలి మీద బరువు పడగానే ఆ పక్క భుజపు ఎముక పైకి పొడుచుకొస్తుంది. రెండు భుజాలూ సమానంగా పెట్టారా, ఇక ఎన్ని చారలు వేసినా ఆ పులి నడవదు. ఇంకోటి, వెనక కాలిలో వెనక్కి వంగినట్టు కనిపించేది మోకాలు కాదు, మడమ. మోకాలు అంతకంటే పైన, పొట్ట దగ్గర ఉంటుంది.

ఫోటోలో ఒక పక్కే కనిపిస్తుంది. మట్టి అలా ఊరుకోదు, అవతలి పక్క ఏమైందని అడుగుతుంది. అందుకే పెయింటింగ్ వేయాలన్నా ముందు అరచేతిలో పట్టేంత మట్టిబొమ్మ చేసుకుని, లైటు పక్కన తిప్పి చూస్తాను. నీడలు అక్కడే తేలిపోతాయి.

అలాగని ఫోటోలు పారేయమనను. ఫ్రెంచ్ చిత్రకారుడు జెరికో 1821లో వేసిన ఇంగ్లండ్ ఎప్సమ్ పందెం గుర్రాలు కాళ్లు ముందుకీ వెనక్కీ చాచి గాల్లో తేలుతుంటాయి. 1878లో ఫోటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ తీసిన ఫోటోలతో అసలు సంగతి బయటపడింది: దౌడులో నాలుగు కాళ్లూ గాల్లో ఉండేది అవి పొట్ట కింద ముడుచుకున్నప్పుడు. (అయినా జెరికో గుర్రాల్లో ఉన్న వేగం నాకిప్పటికీ ఇష్టమే.) బొచ్చు సంగతంటారా, ఫ్రెంచ్ శిల్పి పాంపోన్ 1922లో ప్రదర్శించిన తెల్ల ఎలుగుబంటి చూడండి. ఒంటి మీద ఒక్క వెంట్రుక చెక్కలేదు, నున్నగా ఉంటుంది. నడక మాత్రం ఎలుగుబంటిదే.

వీలైతే జూలో కూర్చుని గీయండి. జంతువు కదిలిందని టెన్షన్ పడకుండా అదే కాగితం మీద పక్కన ఇంకో స్కెచ్ మొదలుపెట్టండి. చాలాసార్లు పాత భంగిమకే తిరిగొస్తుంది, మీరూ పాత స్కెచ్‌కి వెళ్లొచ్చు.

జింక సన్నటి కాళ్లు ఉత్త మట్టితో నిలవవు, లోపల తీగ చట్రం కావాలి. తీగ చుట్టూ మట్టి ఆరితే పగులుతుంది కాబట్టి ప్లాస్టిసిన్ (ఆరిపోని నూనె మట్టి) వాడండి. శిల్పి రెంబ్రాంట్ బుగాటీ బెల్జియంలోని ఆంట్వెర్ప్ జూలో జంతువుల ఎదుటే దాంతో బొమ్మలు చేసేవాడు, వాటిని తర్వాత కంచులో పోతపోసేవారు. బంకమట్టే కావాలంటే పడుకున్న జింకతో మొదలుపెట్టండి.