అత్తమామలు వస్తున్నారు: జెరిఖోలో చిన్న ఇల్లా, డిడ్‌కాట్‌లో పెద్ద ఇల్లా?

మీకు ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ల్యాబ్‌లో ఉద్యోగం, మీవారికి వారానికి రెండు రోజులు లండన్ ఆఫీసు అన్నారు. ఆక్స్‌ఫర్డ్‌కి దగ్గర్లోని డిడ్‌కాట్ అనే ఊళ్ళో మూడు బెడ్‌రూముల కొత్త ఇల్లు, ఆక్స్‌ఫర్డ్‌లోని జెరిఖోలో రెండు బెడ్‌రూముల పాత టెర్రస్ ఇల్లు (పక్కింటితో గోడ కలిసిన వరస ఇల్లు) చూశారు. జెరిఖో ఇంటికే అద్దె ఎక్కువ. పైగా మీ అత్తగారు, మామగారు వచ్చి ఆరు నెలలు ఉంటారు, అంత ఇరుకింట్లో ఎలా అని మీ టెన్షన్.

మేం జెరిఖోలో కొన్నేళ్ళు అద్దెకున్నాం. మా అత్తమామలు కూడా విజిటర్ వీసా మీద వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆ అనుభవంతో చెబుతున్నాను: పెద్దవాళ్ళు వస్తున్నారు కాబట్టే జెరిఖో తీసుకోండి. అయితే బాత్రూమ్ ఎక్కడుందో చూసుకుని మరీ తీసుకోండి, దాని సంగతి కింద చెబుతాను.

మీరిద్దరూ పొద్దున వెళ్తే సాయంత్రానికి గానీ రారు. డిడ్‌కాట్‌లో లాంటి కొత్త హౌసింగ్ ఎస్టేట్లలో వీధులు వెడల్పుగా, ఇళ్ళు హాయిగా ఉంటాయి. కానీ చాలా చోట్ల పాల ప్యాకెట్‌కి కూడా కారు తీయాల్సిందే. ఇక్కడ కారు నడపని పెద్దవాళ్ళకి ఆ పెద్ద ఇల్లే మొత్తం ప్రపంచం అయిపోతుంది. జెరిఖోలో మా అత్తగారు రెండో వారం నుంచే తాళంచెవి కొంగుకి ముడేసుకుని ఒక్కరే బయటకి వెళ్ళేవారు. వాల్టన్ స్ట్రీట్‌లో చిన్న సూపర్‌మార్కెట్, మందుల షాపు, కాఫీ దుకాణాలు అన్నీ నాలుగడుగుల్లో ఉన్నాయి. ఆవిడకి ఇంగ్లిష్ బోర్డులు చదవడం రాదు. సెయింట్ బార్నబస్ చర్చి గంట గోపురం మాత్రం చాలా వీధుల్లోంచి కనిపిస్తుంది. దాన్ని గుర్తు పెట్టుకుని ఏ సందులోంచైనా ఇంటికి వచ్చేసేవారు.

ఆ చర్చి కథ తెలిస్తే ఈ పేట ఇంత ఇరుగ్గా ఎందుకుందో కూడా తెలుస్తుంది. 1790లో ఆక్స్‌ఫర్డ్‌కి కాలువ వచ్చింది. 1830 ప్రాంతంలో యూనివర్సిటీ ప్రెస్ వాల్టన్ స్ట్రీట్‌కి మారింది. కాలువ ఒడ్డున ఇనుప ఫౌండ్రీ వెలిసింది. ఆ పనివాళ్ళ కోసం కట్టిన వరస ఇళ్ళే ఇవన్నీ. పల్లపు నేల, మురుగు పోయే దారి సరిగ్గా ఉండేది కాదు, కలరా వచ్చినప్పుడు ఇక్కడి జనం బాగా దెబ్బతిన్నారు. ప్రెస్‌ని నడిపిన థామస్ కూంబ్ ఈ పనివాళ్ళ పేట కోసమే ఆ చర్చి కట్టించాడు, 1869లో ప్రారంభమైంది. ఆనాటి కూలీల ఇళ్ళు ఇవాళ మామూలు జీతగాళ్ళు కొనలేని ధర పలుకుతున్నాయి. నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇప్పుడు బాత్రూమ్ సంగతి. ఈ ఇళ్ళు కట్టినప్పుడు లోపల బాత్రూమ్ లేదు, మరుగుదొడ్డి పెరట్లో ఉండేది. తర్వాత చాలామంది వంటింటి వెనక చిన్న గది పొడిగించి అందులో బాత్రూమ్ పెట్టారు. అంటే పడకగది పైన, బాత్రూమ్ కింద, మధ్యలో నిటారుగా ఉండే సన్నటి మెట్లు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు రాత్రి రెండుసార్లు ఆ మెట్లు దిగి వంటింట్లోంచి నడిచి వెళ్ళాలంటే కష్టం, ప్రమాదం కూడా. పై అంతస్తులోనే బాత్రూమ్ ఉన్న ఇళ్ళూ ఉంటాయి, వాటి కోసం వెతకండి. దొరక్కపోతే మేం చేసినట్టు కింద ముందుగది వాళ్ళకి ఇచ్చేయండి. గుమ్మం దాటితే పేవ్‌మెంటే, దారిన పోయేవాళ్ళకి గది కనిపిస్తుంది కాబట్టి మందపాటి కర్టెన్లు వేయండి.

రెండోది చెమ్మ. పాత గోడలు ఇటుక మీద ఇటుక పేర్చినవి, కొత్త ఇళ్ళకున్నట్టు మధ్యలో ఖాళీ ఉండదు. చలికాలంలో బయటి గోడ లోపలి వైపు చల్లగా ఉంటుంది. మనం అన్నం వండుతాం, పప్పు ఉడికిస్తాం, బట్టలు ఇంట్లోనే ఆరేస్తాం. ఆ ఆవిరంతా వెళ్ళి ఆ గోడకే పడుతుంది. బీరువా బయటి గోడకి ఆనించి పెడితే వెనక నల్లటి బూజు పట్టేస్తుంది. జానెడు ఎడం వదలండి, గాలిలో తేమ లాగేసే డీహ్యూమిడిఫయర్ ఒకటి కొనండి, వంట చేసేటప్పుడు వెనక కిటికీ తీయండి. మీరు చేరిన రోజే ప్రతి గోడా ఫొటో తీసి ఏజెంట్‌కి ఈమెయిల్ చేయండి. మా ఏజెంట్ ఖాళీ చేసేటప్పుడు పాత బూజు మరకకి కూడా డబ్బులు అడిగాడు, ఆ ఫొటోలే మమ్మల్ని కాపాడాయి. డిపాజిట్ మామూలుగా ఐదు వారాల అద్దె మించకూడదు, మీరు ఇచ్చిన 30 రోజుల్లోగా ఇంటి ఓనరు గానీ ఏజెంట్ గానీ దాన్ని ప్రభుత్వం గుర్తించిన డిపాజిట్ రక్షణ స్కీములో పెట్టాలి. ఈ రెండూ చట్టం.

పక్కింటి గోడ మన గోడ ఒకటే. మా కుక్కర్ విజిల్ పక్కింటి పెద్దావిడకి వినిపించేది. అదేం చప్పుడని ఓ రోజు వచ్చి అడిగారు. మా అత్తగారు ఆవిడని లోపలికి పిలిచి కుక్కర్ చూపించి, పప్పన్నం పెట్టి పంపారు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా తర్వాత ఇద్దరూ కలిసి నడకకి వెళ్ళేవారు. ఇరుకు వీధి వల్ల వచ్చిన స్నేహం అది. మీకు తప్పకుండా ఇలాగే జరుగుతుందని చెప్పలేను, కానీ గుమ్మాలు ఎదురెదురుగా ఉన్నచోట మనుషులు కనిపిస్తూనే ఉంటారు.

నడకకి పోర్ట్ మెడో ఉంది. వాల్టన్ వెల్ రోడ్ మీదుగా కాలువ, రైలు పట్టాలు దాటితే పెద్ద పచ్చిక బయలు. ఎప్పుడూ దున్నని నేల, ఆవులు, గుర్రాలు స్వేచ్ఛగా మేస్తుంటాయి. ఊరివాళ్ళ మేత హక్కు గురించి 1086 నాటి డూమ్స్‌డే గ్రంథంలోనే (ఇంగ్లండ్ రాజు రాయించిన భూముల లెక్క) రాసి ఉంది. చలికాలంలో సగం నీళ్ళలో ఉంటుంది, గమ్‌బూట్లు కావాలి.

మా మామగారు ఆంధ్రా యూనివర్సిటీలో చదివారు. అక్కడ వైస్ ఛాన్సలర్‌గా చేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936 నుంచి 1952 దాకా ఇక్కడ ప్రొఫెసరని ఆయనకి తెలుసు. రాధాకృష్ణన్ ఫెలోగా ఉన్న ఆల్ సోల్స్ కాలేజీ దాకా రోజూ నడిచి వెళ్ళి ఆ గేటు దగ్గర కాసేపు నిలబడి వచ్చేవారు. మీ మామగారికి ఏది నచ్చుతుందో గానీ, నడిచి చేరగలిగే దూరంలో ఏదో ఒకటి ఉంటుంది.

మీవారికి స్టేషన్ నడక దూరమే, లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్‌కి రైలు సుమారు గంట. కరివేపాకు, కందిపప్పు కావాలంటే మాత్రం కౌలీ రోడ్ దాకా బస్సులో వెళ్ళాలి. కారు ఉంటే అడ్వాన్స్ కట్టకముందే పార్కింగ్ పర్మిట్ సంగతి అడగండి, కొత్తగా కట్టిన కొన్ని ఫ్లాట్లకి పర్మిట్ అసలు ఇవ్వరు.

వాళ్ళ టికెట్లు ఇంకా కొనకపోతే ఏప్రిల్‌లో రప్పించండి. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది, తడి పేవ్‌మెంట్లు జారుతాయి, ఎంత మంచి పేటైనా పెద్దవాళ్ళు బయటకి కదలరు. సెప్టెంబరు దాకా ఉంచుకుని పంపండి.