కాలిఫోర్నియాలో మూడోసారి చిన్న దొంగతనం చేసినా 25 ఏళ్ల జైలేనా?

ఇప్పుడు చాలావరకు కాదు. 2012కు ముందు మాత్రం అలాంటి శిక్షలు పడ్డాయి. అయితే మూడు చిల్లర దొంగతనాలకే యావజ్జీవం అని చట్టంలో ఏనాడూ లేదు. 1994 నాటి ‘త్రీ స్ట్రైక్స్’ చట్టం ప్రకారం మొదటి రెండూ (వీటినే స్ట్రైకులంటారు) తీవ్రమైనవో హింసాత్మకమైనవో అయి ఉండాలి. మూడోది ఏ ఫెలనీ (చట్టం పెద్ద నేరంగా లెక్కించేది) అయినా చాలు. చిక్కంతా అక్కడే వచ్చింది.

అప్పట్లో పాత దొంగతనం శిక్ష ఉన్నవాడి మీద చిల్లర దొంగతనాన్ని మిస్‌డిమీనర్‌గా (చిన్న నేరంగా) పెట్టే వీలుండేది, ఫెలనీగానూ పెట్టే వీలుండేది. ఇలా ఎటైనా పెట్టగల నేరాన్ని అక్కడి లాయర్లు వాబ్లర్ అంటారు. ఎటు పెట్టాలో ముందుగా తేల్చేది ప్రాసిక్యూటరే. ఆండ్రాడే అనే వ్యక్తి కేసే చూడండి. 1995లో రెండు దుకాణాల్లో పోయినవి 9 వీడియో టేపులు, మొత్తం 153.54 డాలర్ల సరుకు. రెండు దుకాణాలు కాబట్టి రెండు ఫెలనీలు. ఒక్కోదానికి 25 ఏళ్ల నుంచి యావజ్జీవం, అదీ ఒకదాని తర్వాత ఒకటి! 50 ఏళ్లు గడిస్తే తప్ప పెరోల్ మాటే లేదు. 2003లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ శిక్షను కదపనంది. అతని స్ట్రైకులు 1983లో శిక్ష పడిన ఇళ్ల దొంగతనాలు. స్ట్రైకుకు కాలదోషం పట్టదు మరి.

2012లో ఓటర్లు ఆమోదించిన ప్రాపొజిషన్ 36తో మూడోది కూడా తీవ్రమైనదో హింసాత్మకమైనదో కావాలి. కాకపోతే, కొన్ని మినహాయింపులు పోను, మామూలు శిక్షకు రెట్టింపుతో సరి. కానీ మనుషులు కాపురముండే ఇంట్లో దొంగతనానికి చొరబడితే, ఏమీ దొరక్కపోయినా అది తీవ్ర నేరమే.

అలా ఇరుక్కుంటే మిగిలే దారి రొమేరో మోషన్. పాత స్ట్రైకును లెక్కలోంచి తీసేయమని జడ్జిని అడగడం అన్నమాట. 1996 తీర్పు ఆ వీలు కల్పించింది. పోయిన సొత్తు తక్కువన్న ఒక్క వాదనే పట్టుకుంటే ఇది సాధారణంగా వీగిపోతుంది. జడ్జి చూసేది మనిషి మొత్తం చరిత్ర: నేరాల మధ్య ఎన్నేళ్ల విరామం, ఉద్యోగం, మత్తు మాన్పించే చికిత్స, ఇకముందు నిలబడే అవకాశం. వీటికి కాగితాలు జతచేయాలి.

2024లోనూ ప్రాపొజిషన్ 36 పేరుతోనే ఇంకొకటి వచ్చింది, రెండూ కలిపేసుకోకండి. దీని ప్రకారం రెండు పాత దొంగతనం శిక్షలుంటే, తర్వాతి చిల్లర దొంగతనాన్ని ఫెలనీగా పెట్టొచ్చు, గరిష్ఠంగా మూడేళ్లు. పాత స్ట్రైకు కూడా ఉంటే అది రెట్టింపయ్యే ప్రమాదం ఉంది.