తరగతిలో బ్లాగు, వికీ: దేనికి ఏది వాడాలి, మార్కులు ఎలా వేయాలి?

డిగ్రీ విద్యార్థుల బృంద ప్రాజెక్టుకు బ్లాగు మేలా, వికీ మేలా అనీ, అందరూ కలిసి రాసిన పేజీకి ఎవరి మార్కులు వారికి వేయడం ఎలా అనీ మీరు అడిగారు. కొన్నేళ్లుగా రెంటినీ బోధనలో వాడుతున్న అధ్యాపకుడిగా నాకు తెలిసిన మేరకు చెబుతాను. సాధనం గురించి ఆలోచించే ముందు, ఆ రాత చివరికి ఎవరిదవుతుందో తేల్చుకోండి. అది తేలితే మొదటి ప్రశ్నకు జవాబు చాలావరకు దొరికినట్లే.

బ్లాగు ఒకరి పేరు మీద, తేదీల వారీగా పెరిగే రాత. నిన్న రాసిన టపాను (బ్లాగులో ఒక విడి రాతను) ఈరోజు చెరిపి రాయరు. అభిప్రాయం మారితే మరో టపా రాస్తారు, పాతది అలాగే కింద ఉంటుంది. కాబట్టి క్షేత్ర శిక్షణ, ప్రయోగశాల పని, పరిశోధన వ్యాసం వంటి వాటిలో, అంటే విద్యార్థి ఆలోచన నెలల తరబడి ఎలా మారిందో చూడవలసిన చోట, బ్లాగు సరిపోతుంది. వికీ దీనికి పూర్తిగా భిన్నం; అందులో ఒకే పేజీని అందరూ తెరిచి రాయవచ్చు, దిద్దవచ్చు. అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో తొలి వికీని ప్రారంభించింది, ప్రోగ్రామర్లు తమ అనుభవంలో తేలిన పద్ధతులను ఒకేచోట కలిసి రాసుకోవడానికే. అందులో పేజీకి తేదీ ముఖ్యం కాదు, రచయిత పేరూ ముఖ్యం కాదు; ఇప్పుడు ఆ పేజీలో ఉన్నదే అందరి ఉమ్మడి మాట. పారిభాషిక పదకోశం, ఒక అంశంపై అందుబాటులో ఉన్న పరిశోధనల సమీక్ష, బృంద నివేదిక వంటివి వికీలో చక్కగా కుదురుతాయి. మీది బృంద ప్రాజెక్టు కనుక వికీనే ఎంచుకోమంటాను.

ఇక మార్కుల విషయం. వికీలో ప్రతి పేజీకీ మార్పుల చరిత్ర ఉంటుంది; ఎవరు, ఎప్పుడు, ఏ వాక్యాన్ని ఎలా మార్చారో రెండు కూర్పులను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. అది చూడగానే ఎవరెన్ని మార్పులు చేశారో లెక్కపెట్టి మార్కులు వేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. లెక్కకు మార్కులున్నాయని తెలిసిన మరుక్షణం నుంచి కామాలు పెట్టడం, తీయడం మొదలవుతుంది. చేర్చిన అక్షరాల సంఖ్యను కొలిచినా అంతే: ఎక్కడి నుంచో తెచ్చి నాలుగు పేరాలు అతికించిన విద్యార్థి ముందుంటాడు, పునరుక్తులన్నీ తొలగించి పేజీని చదవదగినట్లు చేసిన విద్యార్థిని ఖాతాలో రుణ సంఖ్య కనిపిస్తుంది. అసలు శ్రమ ఆమెదే. పైగా, నలుగురు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని ఒకరి ఖాతాతో రాస్తే చరిత్రలో ఆ ఒక్కరి పేరే నమోదవుతుంది; అలాంటప్పుడు మార్పు సారాంశంలో (మార్పును భద్రపరిచేటప్పుడు రాసే చిన్న వివరణలో) మిగిలినవారి పేర్లు కూడా రాయమని ముందే చెప్పాలి.

నేను చేసేది ఇది. పేజీ నాణ్యతకు బృందమంతటికీ ఒకే మార్కు ఇస్తాను. వ్యక్తిగత భాగానికి మాత్రం ప్రతి విద్యార్థీ తాను చేసిన వాటిలో ముఖ్యమనుకున్న మూడు మార్పులను చరిత్ర నుంచి ఎంచి చూపించి, అవి ఎందుకు అవసరమయ్యాయో అర పేజీలో వివరించాలి. వాటిలో కనీసం ఒకటి ఇతరుల వాక్యాన్ని సరిదిద్దినదై ఉండాలి. చర్చా పేజీలో, అంటే ఆ పేజీ గురించి మాట్లాడుకోవడానికి దానికి జతగా ఉండే పేజీలో, ఆ మార్పు గురించి జరిగిన వాదన కూడా నాకు సాక్ష్యమే. దీనివల్ల మూల్యాంకనం తేలికవుతుందని చెప్పను గానీ, ఎవరికి విషయం అర్థమైందో స్పష్టంగా కనిపిస్తుంది.

తోటివారి వాక్యాన్ని ముట్టుకోవడానికి విద్యార్థులు సంకోచిస్తారని కూడా గుర్తుంచుకోండి. వదిలేస్తే విభాగాలు పంచుకుని, ఎవరిది వారు విడిగా రాసుకుని, గడువుకు ముందు రాత్రి తెచ్చి అతికిస్తారు. అది వికీ కాదు, కుట్టిన అతుకుల బొంత. ఖాళీ పేజీ ఇవ్వకుండా, కావాలనే లోపాలు ఉంచిన ఒక చిన్న పేజీని నేనే రాసి, మొదటి వారంలో దాన్ని దిద్దమంటాను. అధ్యాపకుడి వాక్యాన్నే కొట్టేసిన తరువాత సహాధ్యాయి వాక్యం దగ్గర జంకు కొంత తగ్గుతుంది.

బ్లాగులు కూడా పెట్టదలచుకుంటే, అందరి టపాలనూ ప్రతివారం చదవగలనని అనుకోకండి. వంతుల వారీగా చదివి వ్యాఖ్యానించండి, మిగిలినవాటికి విద్యార్థులే పరస్పరం వ్యాఖ్యలు రాసేలా చూడండి. పేరుతో బహిరంగంగా రాయమని నిర్బంధించడం సరికాదు. తరగతికే పరిమితమైన బ్లాగుగానో, మారుపేరుతోనో రాసే వీలు ఉండాలి.

సాధనాలలో, ఆన్‌లైన్ తరగతుల నిర్వహణకు వాడే మూడిల్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న వికీ చిన్న తరగతికి చాలు. లాగిన్, బృందాల విభజన అందులోనే ఉంటాయి. పెద్ద పని అయితే వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్ మీడియావికీ మేలు. బయటి ఉచిత సేవను నమ్ముకుంటే ప్రతి సెమిస్టరు చివర ఒక ప్రతి దించి పెట్టుకోండి. ఎంతోమంది ఉపాధ్యాయులు వాడిన వికీస్పేసెస్ 2018లో మూతపడింది.

నేరుగా వికీపీడియాలో రాయించవచ్చా అని కూడా అడిగారు. రాయించవచ్చు, కానీ అక్కడ సొంత విశ్లేషణకు చోటు లేదు, ప్రతి ముఖ్యాంశానికీ ప్రచురిత ఆధారం చూపాలి, భద్రపరచిన రాత, ఎవరైనా తిరిగి వాడుకోవడానికి వీలిచ్చే స్వేచ్ఛా లైసెన్సు కిందకు వెళుతుంది, దాన్ని తిరిగి వెనక్కు తీసుకోలేరు. ఈ సంగతి విద్యార్థులకు ముందే చెప్పి, ఇష్టం లేనివారికి మరో పని ఇవ్వండి. మొదట వాడుకరి ప్రయోగశాలలో (ఖాతా ఉన్నవారు చిత్తుప్రతి రాసుకునే సొంత పేజీలో) రాయించి, మీరు చూసిన తరువాతే వ్యాసంలోకి మార్పించండి. ఇతర సంపాదకులు ఆ రాతను తొలగించినా విద్యార్థి మార్కులు తగ్గవని మూల్యాంకన పత్రంలో రాసి పెట్టండి.