స్లిప్-ఆన్ సైలెన్సర్‌కి అంత డబ్బు పెట్టొచ్చా?

స్లిప్-ఆన్ సైలెన్సర్ (పొగ గొట్టంలో చివరి డబ్బా మాత్రమే మార్చేది) పెట్టిస్తే బండి పికప్ పెరుగుతుందా, అంత ఖర్చు పెట్టొచ్చా అని అడిగారు. పికప్ కోసమే అయితే వద్దండి. నేను ఆ ఆశతోనే పెట్టించి, పద్నాలుగు నెలలు నడిపి, మళ్లీ పాతదే బిగించుకున్నాను.

నాది 250 సీసీ, సింగిల్ సిలిండర్, ఇంజెక్షన్ బండి. కొత్త సైలెన్సర్‌తో మొదటి రోజు బండికి రెక్కలొచ్చినట్టే అనిపించింది. అయితే మార్చక ముందే ఒక పని చేసి ఉంచాను. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40 నుంచి 80కి వెళ్లడానికి ఎంతసేపు పడుతుందో మీటరుకి ఎదురుగా ఫోన్ బిగించి వీడియో తీశాను. కొత్తదానితో అదే రోడ్డు మీద మళ్లీ తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. శబ్దం పెరిగేసరికి వేగం కూడా పెరిగిందని నమ్మేశాను.

కారణం తర్వాత అర్థమైంది. స్లిప్-ఆన్‌లో మారేది చివరి డబ్బా మాత్రమే. ఇంజిన్ నుంచి వచ్చే బెండ్ పైపు అలాగే ఉంటుంది, చాలా బండ్లలో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) కూడా ఆ పైపులోనే ఉండిపోతుంది. పైగా నిలకడగా వెళ్తున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) గాలి, పెట్రోలు మిశ్రమాన్ని పూర్తిగా మండే పాళ్ల దగ్గరే (ఇథనాల్ కలపని పెట్రోలుకైతే బరువులో 14.7కి 1) నిలబెడుతుంది. పూర్తి థ్రాటిల్‌లో మాత్రం సెన్సర్‌ని పక్కనపెట్టి, ముందే రాసి ఉన్న లెక్క ప్రకారం పెట్రోలు పోస్తుంది. అప్పుడు గాలి ఎక్కువై పెట్రోలు అంతే ఉంటే మిశ్రమం పలచబడుతుంది, బలం రాదు. నిజంగా బలం కావాలంటే బెండ్ పైపుతో సహా ఫుల్ సిస్టమ్, దానికి తగ్గ రీమ్యాప్ (ఈసీయూలోని పెట్రోలు లెక్కను మార్చడం) రెండూ చేయించాలి. చిన్న సింగిల్ సిలిండర్ బండిలో అంతా చేసినా ఒకటి రెండు హార్స్‌పవర్ దాటడం అరుదు, అదీ పై ఆర్‌పీఎంలోనే, అంటే ఇంజిన్ బాగా వేగంగా తిరిగేటప్పుడే.

"బ్యాక్ ప్రెషర్ ఉండాలి", అంటే బయటికెళ్లే పొగకి కాస్త అడ్డు ఉండాలి అని మెకానిక్‌లు చెప్పే మాట కూడా విని ఉంటారు. ఇంజిన్‌కి కావలసింది అడ్డు కాదు. పొగ పైపులోంచి వెళ్తున్నప్పుడు ఒత్తిడి అలలు వెనక్కీ ముందుకీ కొట్టుకుంటాయి. పైపు పొడవు, వెడల్పు సరిగ్గా ఉంటే ఆ అల సమయానికి వచ్చి సిలిండర్‌లో మిగిలిన పొగను లాగేస్తుంది. అందుకే మరీ వెడల్పాటి ఖాళీ పైపు పెడితే కింది ఆర్‌పీఎంలో లాగుడు పోతుంది. నా స్నేహితుడి బండిని అలా చేసి ఇచ్చారు. ఎత్తు ఎక్కాలంటే క్లచ్ సగం నొక్కి పట్టుకోవాల్సి వచ్చేది.

బరువు మాత్రం నిజంగానే తగ్గింది. పాతది 4.6 కిలోలు, కొత్తది 1.9. తేడా 2.7 కిలోలు, అంటే సుమారు మూడున్నర లీటర్ల పెట్రోలు బరువు. ట్యాంకు కాస్త ఖాళీ అయినప్పుడు నడపడంలో ఎంత తేడా తెలుస్తుందో ఇదీ అంతే.

ఇక శబ్దం. మొదట్లో ఎంతో నచ్చింది. మూడు గంటల ప్రయాణం తర్వాత హెల్మెట్ తీస్తే చెవుల్లో గుయ్యిమని మోత. శబ్దాన్ని అణిచే లోపలి పీచు కాలిపోయే కొద్దీ అది ఇంకా పెరిగింది (ఆ ప్యాకింగ్ అప్పుడప్పుడూ మార్పించాలని కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదు). పక్కింట్లో పసిపాప ఉంది. నేను తెల్లవారుజామున బండి తీస్తే లేచి ఏడ్చేది. కొన్నాళ్లు వీధి చివరిదాకా తోసుకెళ్లి స్టార్ట్ చేశాను. చివరికి పాతది పెట్టించడానికి అసలు కారణం ఆ పాపే.

ఇంకో టెన్షన్ కూడా పడ్డాను. బిగించినప్పుడు పాత గ్యాస్కెట్టే (జాయింట్‌లో గాలి దూరకుండా వేసే రింగు) వాడారు. థ్రాటిల్ వదిలిన ప్రతిసారీ టపటపమని పేలేది. జాయింట్ దగ్గర బయటి గాలి లోపలికి పీల్చుకుని, మిగిలిన పెట్రోలు పైపులో కాలడం వల్ల అలా అయింది. కొత్త గ్యాస్కెట్ వేశాక తగ్గింది. మీరు పెట్టిస్తే అది ముందే అడగండి. వారంటీ పోతుందా, మీ మోడల్‌కి ఆ సైలెన్సర్ చట్టప్రకారం చెల్లుతుందా అన్నవి కూడా డబ్బు కట్టక ముందే కాగితం మీద చూసుకోండి.

మీకు కావలసింది పికప్పే అయితే ముందు చైన్ స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) గురించి ఆలోచించండి. ముందువైపు ఒక్క పన్ను తక్కువున్నది వేస్తే ప్రతి గేరులోనూ లాగుడు పెరుగుతుంది, సైలెన్సర్ ధరతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. అదే వేగానికి ఇంజిన్ కాస్త ఎక్కువ తిరుగుతుంది, కొన్ని బండ్లలో స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు అరిగి ఉంటే మాత్రం అన్నిటికంటే ముందు వాటికే పెట్టండి.

పాతది తుప్పు పట్టో, పడి సొట్టపోయో ఎలాగూ మార్చాల్సి వస్తే, లేదా ఆ శబ్దమే మీకు ఇష్టమైతే కొనుక్కోండి, తప్పేం లేదు. డీబీ కిల్లర్ (శబ్దం తగ్గించడానికి సైలెన్సర్ మూతిలో పెట్టే ముక్క) ఉన్నదే తీసుకోండి, దాన్ని పీకేయకండి. పాత సైలెన్సర్ అమ్మకండి. నేను బోల్టులతో సహా గుడ్డలో చుట్టి దాచబట్టే అరగంటలో మళ్లీ బిగించుకోగలిగాను.